మా అంబాసిడర్ బాంబులు ఆపిన నెల్లూరు పెద్దాయన కొట్టు

ముందే చెప్తున్నా, ఇది కొత్త కార్లోళ్ళకి పనికొచ్చే రివ్యూ కాదు. ఇంటి ముందు అంబాసిడరో పద్మినీనో పెట్టుకోని, యూట్యూబ్ చూసి దానికి పాయింట్ సెట్ (స్పార్కు కోసం కాయిల్ కరెంటుని కలిపి విడదీసే పాత స్విచ్చు) పీకించి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్టు వేయించి, మర్నాటి నుంచి సైలెన్సర్ ఢాం ఢాం అంటుంటే వీధిలో తల వంచుకోని తిరిగే నాలాంటోళ్ళ కోసం.

మాది కావలి. బండి 1984 అంబాసిడర్ మార్క్ ఫోర్, పెట్రోలు, 1489 సీసీ ఇంజను, మా నాన్న కొన్నది. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆదివారం పొద్దున్నే బానెట్ ఎత్తి, డెల్కో (స్పార్కుని ఏ సిలిండరుకి ఎప్పుడు పంపాలో పంచే డిస్ట్రిబ్యూటర్) క్యాప్ తీసి, పాయింట్లకి ఎమ్రీ పేపర్ రుద్ది, ఫిల్లర్ గేజ్ పెట్టి పదిహేను థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ) గ్యాప్ చూసుకోని మూసేవాడు, అదొక పూజ. నాకు అంత ఓపిక లేదు, పైగా ఈ మధ్య దొరికే పాయింట్ సెట్లు ఏం బాలేవు, పాయింట్లని తెరిచే హీల్ తొందరగా అరిగిపోయి గ్యాప్ మూసుకుపోతుంది, పాయింట్లు కాలకుండా కాపాడే కండెన్సర్ అయితే ఏది ఎన్నాళ్ళు ఉంటుందో దేవుడికే తెలియాలి. ఉత్తరపారా ఫ్యాక్టరీలో బండి తయారీ 2014లోనే ఆగిపోయింది కాబట్టి మంచి స్పేర్లు కావాలంటే వెతుకులాటే. అందుకని ఆన్‌లైన్‌లో నాలుగు వేల చిల్లర పెట్టి కిట్టు తెప్పించా. డెల్కో లోపల పాయింట్ల స్థానంలో చిన్న మాడ్యూల్ కూర్చుంటుంది, రోటర్ (లోపల తిరుగుతూ స్పార్కుని పంచే ముక్క) కింద అయస్కాంతాలున్న రింగ్ ఒకటి, రెండే వైర్లు బయటికొస్తాయి, ఎర్రది కాయిల్ (బ్యాటరీ కరెంటుని స్పార్కుకి సరిపడా పెంచేది) ప్లస్‌కి, నల్లది మైనస్‌కి. ఇంతే. చిన్నపిల్లోడు కూడా పెట్టేస్తాడు అనుకున్నా, కానీ నేను పెట్టలేదు, మా ఊళ్ళోనే ఒక గ్యారేజీలో పెట్టించా. పేరు రాయను, అనవసరం.

పెట్టిన రోజు బ్రహ్మాండం. ఒక్క సెల్ఫ్‌కి స్టార్టు, స్లోలో, అంటే కాలు తీసి నిలబెట్టినప్పుడు, కుట్టు మిషనులాగా నడుస్తుంది. మూడో రోజు మా అత్తమ్మని ఆస్పత్రికి తీసుకెళ్తుంటే ఉదయగిరి బ్రిడ్జి దిగాక ఢాం అంది. మామూలు శబ్దం కాదు, పక్కన సోడా బండాయన గోలీ సోడా పేలిందేమో అనుకోని సీసాలు చూసుకున్నాడు. అత్తమ్మ నాతో వారం రోజులు ఆ బండెక్కలేదు. ఆ తర్వాత రోజుకి రెండు, ఆ తర్వాత లెక్కే లేదు, ఒకసారి పెళ్ళి ఊరేగింపు పక్క నుంచి పోతుంటే కొట్టింది, అప్పుడు మాత్రం ఎవ్వరూ పట్టించుకోలేదు పాపం, వాళ్ళ లెక్కలో కలిసిపోయింది.

గ్యారేజీకి తీసుకెళ్తే వాళ్ళు నిలబెట్టి రెండు సార్లు రేస్ చేసి, కార్బురేటర్ సార్ అన్నారు. విప్పారు, కడిగారు, పెట్రోలు వచ్చే జెట్ మార్చారు, మిక్చర్ రిచ్ చేశారు అంటే పెట్రోలు పాలు పెంచారు, 3,800 తీసుకున్నారు. ఇంటికొచ్చేలోపు ముందుకంటే పెద్దగా కొట్టింది. మళ్ళీ వెళ్తే కిట్టు డూప్లికేట్ సార్, లేదంటే కాయిల్ మార్చాలి, హై పవర్ కాయిల్ ఒకటుంది వేసేద్దాం అన్నారు. రెండో వారం సైలెన్సర్ డబ్బా కుట్టు దగ్గర ఉబ్బిపోయి, చూస్తే నిజంగానే చీలిక. అప్పుడు కోపమొచ్చి బండి ఇంట్లో పెట్టేశా.

ఈ నెల్లూరు పెద్దాయన సంగతి మా తమ్ముడి స్నేహితుడు చెప్పాడు. కొట్టు ఆటోనగర్‌లో కాదు, పొదలకూరు రోడ్డులో లోపల సందు, బోర్డు లేదు, ముందు ఒక వేపచెట్టు, రెండు పాత జీపు డైనమోలు గుమ్మం పక్కన పడుంటాయి. వయసు డెబ్బై దాటి ఉంటుంది. పేరు, నంబరు నెట్‌లో పెట్టొద్దన్నాడు, ‘ఉన్నోళ్ళనే చూడలేక చస్తా ఉండా అబ్బయ్యా’ అన్నాడు, అందుకని పెట్టట్లేదు, ఆ రోడ్డులో పాత బండ్ల కరెంటు పని చేసే పెద్దాయన అంటే ఆటోవాళ్ళు చూపిస్తారు.

ముందు ఫోన్ చేశా. నేను కిట్టు, కాయిల్, ఓమ్స్ అని మొదలుపెడితే ఆపి, అది వదిలెయ్ అన్నాడు. ఆయన అడిగిన ప్రశ్నలు రాస్తా, ఎందుకంటే ఈ రివ్యూలో నాకు ముఖ్యం అదే.

‘యాడ కొడతా ఉండాది, ముందరా వెనకా?’

వెనకే, సైలెన్సర్లో అన్నా.

‘కార్బురేటర్లో ఎప్పుడన్నా తుమ్మిందా?’

లేదు.

‘స్లోలో కొడతాదా?’

కొట్టదు.

‘ఎక్స్‌లేటర్ నిండా తొక్కినప్పుడా, లైటుగా పట్టుకోని పోయేటప్పుడా?’

ఇక్కడ నేను ఆగి ఆలోచించా. నిజమే, ఎవరూ అడగలేదు, నేనూ గమనించలేదు. బ్రిడ్జి ఎక్కేటప్పుడు నిండా తొక్కినప్పుడు ఎప్పుడూ కొట్టలేదు, దిగాక, సమంగా యాభై అరవైలో కాలు లైటుగా పెట్టి పోయేటప్పుడే కొట్టేది. అది చెప్పా.

రెండు క్షణాలు ఏం మాట్లాడలేదు. ‘డెల్కోకి పక్కన గుండ్రంగా పళ్ళెంలాంటి డబ్బా ఉంటది చూడు, దాన్నుంచి కార్బురేటర్‌కి సన్న పైపు పోతా ఉంటది. కార్బురేటర్ కాడ దాన్ని పీకి, ఆ బొక్కలో ఒక స్క్రూ పెట్టి మూసి, రేపు పొద్దున అట్టనే నడుపుకోని రా. ఈసారి కొడితే నేను పైసా తీసుకోను.’

నమ్మబుద్ధి కాలేదు. ఆ పైపు వ్యాక్యూమ్ అడ్వాన్స్‌ది, అంటే ఇంజను పీల్చే బలంతో స్పార్కు పడే టైమింగ్‌ని ముందుకి జరిపేది, అది లేకుండా పోతే మైలేజీ కొంచెం తగ్గుతుంది, లైట్ లోడులో పికప్ కాస్త మందంగా ఉంటుంది అంతే, బండికి ఏం కాదన్నాడు. సరే అని రబ్బరు పైపు పీకి, ఇంట్లో ఉన్న ఒక పాత స్క్రూకి టేపు చుట్టి దూర్చి, పొద్దున ఏడింటికి బయల్దేరా. కావలి నుంచి నెల్లూరు యాభై కిలోమీటర్ల పైనే. హైవే ఎక్కాక చేతులు స్టీరింగ్‌ని గట్టిగా పట్టుకోని కూర్చున్నా, ఇప్పుడు కొడుతుంది, ఇదిగో ఇప్పుడు కొడుతుంది అనుకుంటా. కొడవలూరు దాటింది, కోవూరు వచ్చింది, పెన్న వంతెన మీద కూడా ఏం లేదు. ఒక్కటంటే ఒక్కటి కొట్టలేదు. నెలన్నర బాధ ఒక టేపు చుట్టిన స్క్రూతో ఆగిపోయిందంటే ఆనందం కంటే ఒళ్ళు మంట ఎక్కువ వచ్చింది నాకు.

కొట్టు దగ్గర ఏం చేశాడంటే, ముందు పనిముట్టు ఏదీ పట్టుకోలేదు. డెల్కో క్యాప్ మీద వేలు పెట్టి ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే తడుముతూ ‘ఒకటి, మూడు, నాలుగు, రెండు’ అని చదువుకున్నాడు. ఈ ఇంజనుకి ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లకి స్పార్కు అందే వరస, అదే, రోటర్ గడియారానికి ఎదురు తిరుగుతుంది, కొంతమంది అది మర్చిపోయి గడియారం వైపే పెట్టేసి రెండూ మూడూ మార్చేస్తారంట. కానీ అట్టా మారితే స్టార్ట్ చేసిన నిమిషం నుంచే కొడుతుంది, స్లోలోనే కుంటుతుంది, నాలాగా అరవైలో మాత్రమే కొట్టదు అన్నాడు. కాయిల్ మీటర్ పెట్టి చూశాడు, మూడు ఓమ్స్ చూపించింది, పక్కకి నెట్టేశాడు. 12 వోల్టులకి మూడు ఓమ్స్ అంటే నాలుగు ఆంపియర్లు, మాడ్యూల్‌కి సుఖం. గ్యారేజీవాళ్ళు అంటగట్టబోయిన ఆ హై పవర్ కాయిల్ ఒకటిన్నర ఓమ్స్‌ది అయ్యుంటే, కరెంటు తగ్గించే బ్యాలస్ట్ రెసిస్టర్ లేకుండా వేస్తే ఎనిమిది ఆంపియర్లు లాగేది, అప్పుడు మాడ్యూల్ నిజంగానే కాలిపోయేది.

తర్వాత ఇంజను స్టార్టు చేయించి, బానెట్ మీదకి వంగి, ఆ వ్యాక్యూమ్ పైపు చివర లుంగీతో తుడిచి నోట్లో పెట్టుకోని పీల్చాడు. నిజంగా, స్ట్రాతో కొబ్బరినీళ్ళు తాగినట్టు. ఆయన పీల్చగానే ఇంజను తడబడింది, రెండు సార్లు మిస్ అయ్యింది, వెనక ఢాం. వదిలేశాడు, మామూలు. మళ్ళీ పీల్చాడు, మళ్ళీ ఢాం. ఆయన మనవడు అనుకుంటా, ఒక పిల్లోడు టీ గ్లాసులు పట్టుకోని గుమ్మంలో నిలబడిపోయాడు. పెద్దాయన నా వైపు చూసి ‘ఏందబ్బయ్యా, కార్బురేటరా?’ అన్నాడు. ఆ నవ్వుకే ఐదు స్టార్లు.

క్యాప్ తీసి, రోటర్ తీసి, టార్చి వేసి నన్ను దగ్గరికి పిలిచాడు. మాడ్యూల్ కూర్చున్న ప్లేటు ఉంటుంది కదా, అది కదిలే ప్లేటు. వ్యాక్యూమ్ లాగినప్పుడల్లా కొన్ని డిగ్రీలు తిరిగి టైమింగ్‌ని ముందుకి జరుపుతుంది, నిండా తొక్కితే వ్యాక్యూమ్ పడిపోయి వెనక్కి వస్తుంది. గ్యారేజీ కుర్రోడు నల్ల వైరుని ఆ ప్లేటు అంచుకీ డెల్కో గోడకీ మధ్య వదిలేశాడు. ప్లేటు కదిలినప్పుడల్లా ఆ అంచు వైరు మీద కత్తిలా రుద్దుకోని, తొడుగు తెగి, లోపల రాగి వెంట్రుకంత మెరుస్తా ఉంది. నేను చూసింది అంతే, వెంట్రుకంత. గోరుతో ప్లేటుని జరిపి చూపించాడు, జరిపితే రాగి వెళ్ళి గోడకి ముద్దు పెట్టుకుంటుంది, వదిలితే దూరం.

దాని తర్వాత ఆయన చెప్పింది నాకు బాగా నచ్చింది. నల్ల వైరు కాయిల్ మైనస్‌ది. పాత పాయింట్లు చేసే పని ఏంది, ఆ మైనస్‌ని ఎర్త్‌కి కలపడం, విడదీయడం. కలిసినంత సేపూ కాయిల్ నిండుతుంది, విడిపోయిన క్షణం స్పార్కు. ఇప్పుడు ఈ తెగిన వైరు గోడకి తగిలిందంటే పాయింట్లు మూసుకున్నట్టే, అది తగిలి ఉన్నంత సేపూ మాడ్యూల్ ఎంత అరిచినా స్పార్కు రాదు, పెట్రోలు గాలి కలిసింది కలిసినట్టే కాలకుండా సైలెన్సర్లోకి పోయి కూర్చుంటుంది. వైరు వదిలిందంటే పాయింట్లు తెరుచుకున్నట్టు, అప్పుడు రోటర్ ఎటు తిరిగి ఉంటే అటు ఒక దొంగ స్పార్కు. ‘నీ బండికి రెండు ఇగ్నిషన్‌లు ఉండాయి, ఒకటి నువ్వు నాలుగు వేలు పెట్టి కొన్నది, ఒకటి ఈ వైరు ఊరికే ఇచ్చింది’ అన్నాడు. తర్వాత మామూలుగా కాలిన సిలిండరు నుంచి మంట లాంటి పొగ వెనక్కి వెళ్ళి అక్కడ పోగైన పెట్రోలు ఆవిరిని అంటిస్తుంది, అదే మన బాంబు. మిక్చర్ రిచ్ చేసేసరికి శబ్దం ఎందుకు పెరిగిందో అప్పుడు అర్థమైంది, మందు ఎక్కువ కూరితే టపాకాయ పెద్దగానే పేలుతుంది కదా.

కొత్త వైరు ముక్క సోల్డర్ చేసి, వేడికి ముడుచుకునే స్లీవ్ వేసి, లోపల ఒక చిన్న చుట్ట లాగా వదులు ఇచ్చి, ప్లేటు అటూ ఇటూ పూర్తిగా తిప్పి, వైరు లాగబడట్లేదని నాతో కూడా తిప్పించి చూపించి అప్పుడు మూసాడు. డెల్కో గోడలో వైరు బయటికొచ్చే చోట రబ్బరు గ్రామెట్ లేదు, గ్యారేజీవాళ్ళు పారేశారు, కొత్తది పెట్టాడు. ప్లేటుకి ఎర్తింగ్ ఇచ్చే చిన్న అల్లిక వైరు కూడా వదులుగా ఉంటే బిగించాడు, అది చాలామంది పట్టించుకోరంట.

తర్వాత టైమింగ్. ఇక్కడ ఆయన కొంచెం సేపు తిట్టాడు, నన్ను కాదు, లోకాన్ని. కిట్టు మార్చాక డెల్కో యథాతథంగా పెట్టేస్తే టైమింగ్ మారదని అనుకుంటారు, పాయింట్లు తెరుచుకునే చోటు వేరు, మాడ్యూల్ గుర్తుపట్టే చోటు వేరు, కాబట్టి కచ్చితంగా మళ్ళీ చూడాలి. చెవితో పెట్టిన టైమింగ్ చెవికే బాగుంటుంది అన్నాడు. వ్యాక్యూమ్ పైపు పీకి మూసి, కింద పుల్లీ మీద గాడికి చాక్‌పీసు రుద్ది, టైమింగ్ లైటు పట్టుకోని చూస్తే నాది బాగా లేట్‌గా ఉంది. లేట్‌గా ఉంటే ఇంకా కాలుతుండగానే ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకుంటుంది, మంట సైలెన్సర్ వైపు పోతుంది, ఇంజను వేడెక్కుతుంది, అంటే బాంబుకి వత్తి కూడా మేమే ఇచ్చాం అన్నమాట. డెల్కోని కొద్దిగా తిప్పాడు, కొద్దిగా అంటే నిజంగా కొద్దిగా, ఎందుకంటే డెల్కో ఒక డిగ్రీ తిప్పితే క్రాంక్ లెక్కలో రెండు డిగ్రీలు. ఆ తర్వాత పైపు తగిలించాడు.

ప్లగ్గులు నాలుగూ మసిగుడ్డల్లా ఉన్నాయి. కడిగి, గ్యాప్ పాతిక థౌకి పెట్టాడు. పాత జెట్ నేను డబ్బాలో దాచి తీసుకెళ్ళా, మంచి పని చేశా, అదే మళ్ళీ వేశాడు. ఇప్పుడు బంకుల్లో వచ్చే ఈ20 (ఇరవై శాతం ఇథనాల్ కలిసిన) పెట్రోలుకి పాత బండి కొంచెం లీన్‌గానే, అంటే ఇంధనం పాలు తక్కువై నడుస్తుంది, స్క్రూ ఒక పావు తిప్పు చాలు, జెట్టు మార్చే పని లేదన్నాడు. రబ్బరు పైపులు మాత్రం చూసుకో, ఈ పెట్రోలుకి పాత రబ్బరు తొందరగా చెడుతుందని మరీ మరీ చెప్పాడు. వ్యాక్యూమ్ పైపు చివర కూడా చీలి ఉంటే ఒక అంగుళం కోసి మళ్ళీ ఎక్కించాడు.

ఇంత చేశాక కూడా రోడ్డు మీద కాలు తీసేసినప్పుడు వెనక చిన్నగా పట్ పట్ అంటుంది. నాకు గుండె జారింది. ఆయనేమీ కంగారు పడలేదు, అది వేరే జబ్బు అన్నాడు. తడి గోనెపట్టా సైలెన్సర్ చివర అదిమి పట్టుకోమన్నాడు, నేను పట్టుకుంటే ముందర ఇంజను పొగ బయటికొచ్చే మానిఫోల్డ్‌కీ పైపుకీ అతుకు దగ్గర బుస్ మని వినిపించింది. కాలు తీసినప్పుడు ఆ అతుకులోంచి గాలి లోపలికి పీల్చుకోని, కాలని పెట్రోలుతో కలిసి చిన్నగా పేలుతుందంట. ఆ పని ఆయన చెయ్యడు, వెల్డింగ్ కొట్టు ఇంకోటి చూపించాడు, గాస్కెట్ మార్చి, చీలిన సైలెన్సర్ కూడా అతికించుకున్నా.

ఇప్పుడు డబ్బులు. మొత్తం పనికి 900 తీసుకున్నాడు, టైమింగూ వైరూ గ్రామెట్టూ కార్బురేటరూ అన్నీ కలిపి. నేను పన్నెండు వందలు ఇస్తే మూడొందలు వెనక్కిచ్చి, వాటితో జొన్నవాడ పోయి అమ్మకి కొబ్బరికాయ కొట్టుకోని రా, రోడ్డు టెస్టు కూడా అయిపోతది అన్నాడు. నిజంగానే వెళ్ళా, కోవూరు మీదుగా బుచ్చిరెడ్డిపాళెం రోడ్డెక్కి కామాక్షమ్మ గుడిదాకా. గుడి ముందు బండి ఆపితే ఎవరూ తిరిగి చూడలేదు, అంత హాయి ఇంకోటి లేదు.

ఇక మైనస్‌లు కూడా రాయాలి కదా. కూర్చోడానికి చోటు లేదు, ఒక విరిగిన బస్సు సీటు ఉంది, దాని మీద ఆయన పిల్లి పడుకోనుంటుంది, దాన్ని లేపొద్దు, కోప్పడతాడు. బిల్లు ఇవ్వడు. ఫోన్‌పే లేదు, క్యాష్ పట్టుకెళ్ళండి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా కొట్టు మూసి నిద్రపోతాడు, మీరు ఒంటిగంట పదికి వెళ్తే మీ ఖర్మ. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లు ముట్టుకోడు, అడిగితే లాప్‌టాప్ ఉన్నోళ్ళ దగ్గరికి పొమ్మంటాడు. సందులో పార్కింగ్ లేదు, అంబాసిడర్ లాంటి బండిని రివర్స్ తీయడానికి మనవడు చెయ్యి ఊపుతాడు కానీ వాడు ఎటు ఊపుతున్నాడో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు, వెనక బంపర్ మీద వేపచెట్టు గుర్తు ఒకటి మిగిలింది.

కిట్టు గురించి అడుగుతారేమో, కిట్టు మంచిదే. దాన్ని అన్యాయంగా తిట్టుకున్నా. స్టార్టింగ్ నిజంగా బాగుంది. ఒక్క జాగ్రత్త, ఇంజను నడవకుండా తాళం ఆన్‌లో పెట్టి పాటలు వింటా కూర్చోవద్దు, మాడ్యూల్ వేడెక్కుతుంది. మీ బండి నెగటివ్ ఎర్తా పాజిటివ్ ఎర్తా, అంటే బ్యాటరీ మైనస్ బాడీకి కలిపారా ప్లస్ కలిపారా చూసుకోని కొనండి, మరీ పాత బండ్లలో పాజిటివ్ ఎర్త్ ఉంటుంది, తిరగేసి పెడితే స్విచ్ వేసిన క్షణం కిట్టు పోతుంది. వేయించేటప్పుడు పక్కనే నిలబడి, క్యాప్ మూసే ముందు ఆ ప్లేటు ఒకసారి తిప్పి చూపించమని అడగండి, వైరు యాడ పడుకోనుందో కళ్ళారా చూడండి. పెద్దాయన నా పాత పాయింట్ ప్లేటుని కండెన్సర్‌తో సహా ప్లాస్టిక్ కవర్లో కట్టి గ్లవ్ బాక్సులో పెట్టించాడు, రాత్రిపూట ఏ సింగరాయకొండ దగ్గరో మాడ్యూల్ పోతే ఒక స్క్రూడ్రైవర్‌తో పావుగంటలో మార్చుకోని ఇంటికొచ్చేయొచ్చని. దాని పక్కనే టేపు చుట్టిన ఆ స్క్రూ కూడా ఉంది, పారెయ్యబుద్ధి కాలేదు.

వెళ్ళేవాళ్ళు పొద్దున పది లోపు వెళ్ళండి. ఏం కొడుతుందో కాదు, ఎప్పుడు కొడుతుందో, కాలు ఎక్కడ ఉన్నప్పుడు కొడుతుందో ముందే గమనించుకోని వెళ్ళండి, ఆయన అడిగేది అదే.